రైఫిల్ దుర్భిణి ఎంపిక

రైఫిల్ దుర్భిణి అనగా రైఫిల్ పైభాగాన బిగించి, దూరాన ఉన్న గురిని పెద్దదిగా, స్పష్టంగా చూడటానికి వాడే చిన్న దూరదర్శిని. వాడుకలో దీనిని రైఫిల్ స్కోప్ అని, క్లుప్తంగా స్కోప్ అని అంటారు. మామూలు దుర్భిణికీ దీనికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. మామూలు దుర్భిణి దూరపు వస్తువును చూపితే చాలు. రైఫిల్ దుర్భిణి చూపడమే కాక, గుండు తగలబోయే చోటును తనలోని గీతల కూడలితో సూచించాలి. ఆ సూచన నిన్న ఉన్నట్లే నేడూ ఉండాలి. పదవ గుండుకు ఉన్నట్లే వందవ గుండుకూ ఉండాలి. అందుచేత దీనిని ఎంచుకునేటప్పుడు బొమ్మ ఎంత పెద్దదిగా కనబడుతుంది అన్నదానికంటె, ఒకసారి సరిచేసిన గురి చెదరకుండా నిలుస్తుందా, చెదిరితే ఎవరు ఎక్కడ బాగుచేసి ఇస్తారు అన్న రెండు ప్రశ్నలకే ప్రాధాన్యం ఎక్కువ.

ఈ సాధనం పనితీరును, నాణ్యతను గుర్తించే పద్ధతులను, వారంటీ సేవల తీరును నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు వంటి మార్కెట్ పట్టణంలో నివసించే కొనుగోలుదారుని దృష్టితో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఆర్మూరు ప్రాంతంలో అవసరం

ఆర్మూరు 44వ జాతీయ రహదారిపై ఉన్న పట్టణం. చుట్టుపక్కల గ్రామాలలో పసుపు ప్రధాన వాణిజ్య పంట. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమైంది. వానాకాలం ఆరంభంలో నాటిన పసుపు కోతకు రావడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. పసుపు మొక్కల నడుమ మొక్కజొన్నను అంతరపంటగా వేయడం ఇక్కడి రైతుల అలవాటు. కంకి పాలుపోసుకునే రోజుల్లో అడవి పందులు మొక్కజొన్న కోసం చేలలో పడి, కంకిని తిన్నంత తిని, తిననిదానిని తొక్కి పాడుచేస్తాయి. మంచెపై కావలి ఉండటం, డప్పు కొట్టడం, టపాకాయలు కాల్చడం, టార్చి వెలుగు వేయడం పాతకాలం నుంచీ ఉన్న ఉపాయాలు. కొన్నిచోట్ల కంచెకు నేరుగా కరెంటు తగిలిస్తున్నారు. ఇది చట్టవిరుద్ధం. పందులే కాక పశువులూ మనుషులూ కూడా ఆ తీగలకు బలైన సంఘటనలు తెలంగాణలో ఉన్నాయి.

ఈ సందర్భంలోనే తుపాకీ మాట, దాని వెంట దుర్భిణి మాట వినవస్తాయి. కాని ఇక్కడ రెండు సంగతులు ముందుగా తెలియాలి. మొదటిది, అడవి పంది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోని జంతువు. 2022లో చేసిన సవరణ తరువాత అది రెండవ షెడ్యూలులో ఉంది. పంట నష్టం కారణంగా దానిని కాల్చాలంటే చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణాలు తెలుపుతూ వ్రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. పొలం తనదైనంత మాత్రాన రైతుకు ఆ హక్కు రాదు.

రెండవది, పంట రక్షణకు ఇచ్చే తుపాకీ సాధారణంగా రైఫిల్ కాదు. 1959 నాటి ఆయుధ చట్టం 13వ సెక్షన్ పంట రక్షణ సందర్భంలో చెప్పినది మూతి నుంచి మందు కూరే తుపాకీని. అలాగే ఆత్మరక్షణకు, క్రీడకు చెప్పినది కనీసం 20 అంగుళాల గొట్టం గల నునుపు గొట్టపు తుపాకీని. వీటి గొట్టంలో రైఫిల్‌కు ఉండే మెలిక గాళ్ళు ఉండవు. రవ్వలు గాని గుండు గాని కచ్చితంగా వెళ్ళేది కొద్ది గజాల దూరమే. ఇటువంటి తుపాకీకి ఎంత ఖరీదైన దుర్భిణి బిగించినా ప్రయోజనం లేదు; ఆ డబ్బు కంచెకు ఖర్చుపెట్టడం మేలు. కనుక దుర్భిణి అవసరం నిజంగా ఉండేవారు కొద్దిమందే: రైఫిల్ లైసెన్సు ఉండి, అటవీ శాఖ అనుమతితో పనిచేసే షూటర్లు, క్రీడాకారులు, కాగితపు గురిపై గాలి తుపాకీతో సాధన చేసే ఔత్సాహికులు.

క్రీడాకారులలోనూ అందరికీ ఇది పనికిరాదు. ఒలింపిక్స్‌లోని 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో దుర్భిణి నిషిద్ధం. అక్కడ చిన్న రంధ్రం గుండా చూసే సూక్ష్మరంధ్ర గురి వాడతారు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచినది ఈ పోటీలోనే, దుర్భిణి లేని రైఫిల్‌తోనే. పిల్లవాడు షూటింగ్ నేర్చుకుంటానన్నాడని తల్లిదండ్రులు మొదటగా దుర్భిణి కొనిపెట్టడం ఆ కారణంగా వృథా ఖర్చు.

చరిత్ర

తుపాకీకి దుర్భిణిని జతచేసే ప్రయత్నాలు పాతవే అయినా, నమ్మకంగా పనిచేసేవి 19వ శతాబ్దంలో వచ్చాయి. అమెరికాలో 1835-1840 మధ్య మోర్గాన్ జేమ్స్ ఇటువంటి సాధనాలు తయారు చేశాడు. 1855లో విలియం మాల్కం, రంగుల అంచులు రాకుండా చేసే అవర్ణక కటకాలు గల దుర్భిణుల తయారీ ప్రారంభించాడు. 1935లో జర్మనీలోని జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా కటకాలపై కాంతి పరావర్తనాన్ని తగ్గించే పూతను కనిపెట్టాడు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం దుర్భిణి గొట్టంలోని తేమగాలిని తీసివేసి పొడి నత్రజని నింపే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. లోపల ఆవిరి పట్టి గురి కనబడకపోవడమనే పాత బాధ దీనితో చాలావరకు తీరింది.

నిర్మాణం, పనితీరు

గురివైపున ఉండే పెద్ద కటకాన్ని వస్తు కటకం అంటారు. ఇది దూరపు వస్తువు ప్రతిబింబాన్ని గొట్టం లోపల తలక్రిందులుగా ఏర్పరుస్తుంది. మధ్యనున్న చిన్న గొట్టంలోని కటకాలు ఆ ప్రతిబింబాన్ని నిటారుగా చేస్తాయి. కంటివైపున ఉండే అక్షి కటకం దానిని పెద్దదిగా చూపుతుంది. ప్రతిబింబం ఏర్పడే తలంలోనే సన్నని అడ్డగీత, నిలువుగీత అమర్చి ఉంటాయి. ఈ రెంటి కూడలే గురి.

పైన ఒకటి, కుడిపక్కన ఒకటి చొప్పున రెండు తిప్పుడు బొడిపెలు ఉంటాయి. పైదానిని తిప్పితే గుండు తగిలే చోటు పైకి గాని క్రిందికి గాని, పక్కదానిని తిప్పితే ఎడమకు గాని కుడికి గాని మారుతుంది. బొడిపె క్రిందనున్న మరమేకు లోపలి చిన్న గొట్టాన్ని ఒకవైపు నుంచి నెడుతుంది. ఎదురుగా ఉన్న స్ప్రింగు దానిని తిరిగి అదిమి పట్టి ఉంచుతుంది. దుర్భిణి నాణ్యత అంతా దాదాపు ఈ మరమేకు, ఈ స్ప్రింగుల చేతిలోనే ఉందంటే అతిశయోక్తి కాదు. అయితే కొనేవారికి కనబడనివి కూడా ఇవే.

ఎంత చిన్న కదలిక ఎంత పెద్ద తేడా తెస్తుందో లెక్కవేసి చూడవచ్చు. ఒక డిగ్రీలో 60వ వంతును ఒక నిమిషం అంటారు. 100 మీటర్ల దూరంలో ఒక నిమిషపు కోణం సుమారు 2.9 సెంటీమీటర్ల వెడల్పును ఆక్రమిస్తుంది. వస్తు కటకపు నాభ్యంతరం 200 మిల్లీమీటర్లు అనుకుంటే, లోపల ప్రతిబింబం 0.06 మిల్లీమీటరు పక్కకు జరిగితే చాలు, గురి ఒక నిమిషం తప్పుతుంది. తలవెంట్రుక మందమంత కదలిక 100 మీటర్ల దూరాన దాదాపు మూడు సెంటీమీటర్ల తేడాగా, 200 మీటర్ల దూరాన ఆరు సెంటీమీటర్ల తేడాగా మారుతుందన్నమాట. నాలుగు నిమిషాలు చెదిరిన దుర్భిణితో 200 మీటర్ల దూరాన కాల్చితే గుండు 23 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. జంతువు చావక గాయపడి పొదల్లోకి పోవటం, గుండు గురి తప్పి చేను అవతలికి పోవటం ఇటువంటి సందర్భాలలోనే జరుగుతాయి. గాయపడిన అడవి పంది మరునాడు పసుపు చేలో కలుపు తీసే కూలీలకు ఎదురుపడితే ఏమవుతుందో ఆ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు.

పెట్టెపై సంఖ్యల అర్థం

పెట్టెపై 3-9×40 అని ఉంటే ఆవర్ధనాన్ని 3 రెట్ల నుంచి 9 రెట్ల వరకు మార్చుకోవచ్చునని, వస్తు కటకపు వ్యాసం 40 మిల్లీమీటర్లని అర్థం. 4×32 అని ఉంటే ఆవర్ధనం మారదు. ఆవర్ధనం ఎక్కువైతే మంచిదన్న భ్రమ సర్వసాధారణం. కటకపు వ్యాసాన్ని ఆవర్ధనంతో భాగిస్తే కంటిలోకి వచ్చే కాంతి వృత్తపు వ్యాసం వస్తుంది. 40 మిల్లీమీటర్ల కటకంతో 9 రెట్ల వద్ద అది 4.4 మిల్లీమీటర్లు, 6 రెట్ల వద్ద 6.7 మిల్లీమీటర్లు. పట్టపగలు కంటిపాప రెండు, మూడు మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది కనుక తేడా తెలియదు. మునిమాపు వేళ యువకుల కంటిపాప 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది. వయసు పైబడినవారిలో 5 మిల్లీమీటర్లు దాటడం అరుదు. కనుక చీకటిపడే వేళ ఆవర్ధనం తగ్గించుకుంటేనే బొమ్మ వెలుతురుగా కనబడుతుంది. మొక్కజొన్న చేల వంటి దగ్గరి దూరాలకు 3 నుంచి 6 రెట్లు చాలు. ఆవర్ధనం పెంచిన కొద్దీ కనబడే మేర తగ్గి, గురి వెనుక ఏమున్నదో, ఎవరున్నారో తెలియకుండా పోతుంది.

కంటికీ అక్షి కటకానికీ మధ్య ఉంచవలసిన ఎడం మరొక ముఖ్యమైన కొలత. బలమైన వెనుదన్ను గల రైఫిల్‌కు ఇది 75 నుంచి 100 మిల్లీమీటర్ల వరకు ఉండాలి. తక్కువ ఎడం గల దుర్భిణి అంచు తగిలి కనుబొమ చీలడం వేటగాళ్ళలో ప్రసిద్ధమైన గాయం.

బొడిపెను తిప్పినప్పుడు వినిపించే ఒక్కొక్క టిక్కు పావు నిమిషం అని గాని, 0.1 మిల్ అని గాని వ్రాసి ఉంటుంది. 100 మీటర్ల వద్ద మొదటిది సుమారు 7 మిల్లీమీటర్లు, రెండవది సరిగ్గా ఒక సెంటీమీటరు. మీటర్లలో ఆలోచించేవారికి రెండవ పద్ధతి సులువు.

గాజు, పూతలు

పూత లేని గాజు తలం తనపై పడిన కాంతిలో సుమారు 4 శాతాన్ని వెనక్కి పంపుతుంది. దుర్భిణిలో గాలిని తాకే తలాలు పది ఉన్నాయనుకుంటే, కంటికి చేరేది మూడింట రెండు వంతుల కాంతి మాత్రమే. మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత ఒక పొర వేస్తే తలానికి ఒకటిన్నర శాతం మేర నష్టం ఉంటుంది. అనేక పొరల పూత వేస్తే అది అర శాతానికి దిగుతుంది. అప్పుడు పది తలాలు దాటినా 95 శాతం కాంతి నిలుస్తుంది. అయితే 'పూత గలది' అన్నమాటకూ 'అన్ని తలాలపై బహుళ పొరల పూత గలది' అన్నమాటకూ ఉన్న దూరాన్ని వ్యాపార ప్రకటనలు చెప్పవు. ఎర్రగా అద్దంలా మెరిసే వస్తు కటకం ఆకర్షణీయంగా కనబడుతుంది కాని, ఆ ఎరుపంతా కంటికి రాకుండా వెనక్కి పోతున్న కాంతియే.

గాలి తుపాకీల ప్రత్యేక సమస్య

స్ప్రింగుతో పనిచేసే గాలి తుపాకీకి వెనుదన్ను తక్కువ కనుక దానికి ఏ దుర్భిణి అయినా సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. సాధారణ రైఫిల్ వెనక్కి మాత్రమే తన్నుతుంది. స్ప్రింగు తుపాకీలో పిస్టన్ ముందుకు దూకినప్పుడు తుపాకీ వెనక్కి, పిస్టన్ ఆగినప్పుడు ముందుకు, వెంటవెంటనే రెండు దిక్కులా అదురుతుంది. వెనుదన్నును మాత్రమే తట్టుకునేలా కటకాలు బిగించిన దుర్భిణి ఈ ముందుకు వచ్చే అదురుకు కొద్ది వందల గుండ్లలోనే లోపల వదులైపోవచ్చు. గాలి తుపాకీకి వాడితే వారంటీ చెల్లదని వ్రాసే తయారీదారులు ఉన్నారు. కొనేముందు 'స్ప్రింగు గాలి తుపాకీకి తగినది' అన్న మాట వ్రాతలో ఉన్నదో లేదో చూడాలి. 10 మీటర్ల వంటి దగ్గరి దూరంలో స్పష్టంగా చూపాలంటే దూరాన్ని సరిచేసుకునే వలయం కూడా ఉండాలి. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ళు మించని శక్తి గల గాలి తుపాకీకి భారతదేశంలో లైసెన్సు అక్కరలేదు. కాని దానితో పిట్టను కొట్టినా వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది.

కొనేముందు చేయదగిన పరీక్షలు

పసుపు యార్డులో వ్యాపారి కొమ్మును విరిచి, లోపలి రంగు, ఎండిన తీరు చూసి ధర చెబుతాడు. దుర్భిణిని విరిచి చూడలేము. అయినా విప్పకుండా తెలుసుకోదగినవి కొన్ని ఉన్నాయి.

దుకాణంలోని వెలుతురులో ప్రతి దుర్భిణీ బాగానే కనబడుతుంది. వీలైతే సాయంత్రం పూట వెళ్ళి, వీధి చివరనున్న సైనుబోర్డులోని చిన్న అక్షరాలను రెండు, మూడు దుర్భిణులతో ఒకే ఆవర్ధనంలో చూసి పోల్చాలి. మధ్యలో స్పష్టంగా ఉండి అంచుల వద్ద అలుక్కుపోతే గాజు సామాన్యమైనది. కరెంటు తీగ వంటి నల్లని గీతను ఆకాశం నేపథ్యంలో చూసినప్పుడు దాని చుట్టూ ఊదా, పసుపు రంగుల అంచులు కనబడితే వర్ణ దోషం ఉన్నట్లు. దుర్భిణిని దిమ్మెపై కదలకుండా ఉంచి, కంటిని కొద్దిగా అటూ ఇటూ జరిపితే గీతల కూడలి గురిపై ఈదినట్లు కదిలితే అది పారలాక్స్ దోషం. దుర్భిణి సరిచేయబడిన దూరంలో ఇది ఉండకూడదు. ఆ దూరం చాలావాటిలో 100 గజాలు గాని 100 మీటర్లు గాని ఉంటుంది. బొడిపెలను తిప్పి చూడాలి. టిక్కులు స్పష్టంగా, సమానంగా ఉండాలి. మెత్తగా, జారుడుగా ఉంటే అనుమానించాలి.

అసలు పరీక్ష మాత్రం అనుమతి గల షూటింగ్ రేంజిలోనే సాధ్యం. రైఫిల్‌ను దిమ్మెపై ఆనించి మూడు గుండ్లు కాల్చాలి. తరువాత బొడిపెలను ఇరవై టిక్కులు పైకి, ఇరవై కుడికి, ఇరవై క్రిందికి, ఇరవై ఎడమకు తిప్పుతూ, ప్రతి మలుపులోనూ మూడేసి గుండ్లు కాల్చాలి. గురిచూసే చోటు మాత్రం మార్చకూడదు. కాగితంపై చతురస్రం ఏర్పడి, చివరి మూడు గుండ్లు మొదటి మూడింటిపైనే పడితే లోపలి మరమేకు, స్ప్రింగు సక్రమంగా ఉన్నట్లు. చతురస్రం వంకరపోయినా, చివరి గుండ్లు మొదటి చోటుకు రాకపోయినా ఆ దుర్భిణిని వెంటనే తిరిగి ఇవ్వాలి. ఆవర్ధనాన్ని 3 నుంచి 9కి మార్చి మళ్ళీ కాల్చితే గుండు పడే చోటు మారకూడదు. చవక రకాలలో ఇది తరచు మారుతుంది. ఈ పరీక్ష వారంటీ గడువు ఆఖరులో కాక కొన్న మొదటి వారంలోనే చేయటం వివేకం.

గురి చెదిరిన ప్రతిసారీ తప్పు దుర్భిణిదే కాదు. దానిని తుపాకీకి పట్టి ఉంచే రింగుల మరలు వదులైనా ఇదే లక్షణం కనబడుతుంది. మరీ బిగిస్తే గొట్టం నొక్కుకుపోతుంది. అటువంటి నొక్కును చూడగానే సర్వీసు కేంద్రం వారంటీని నిరాకరించవచ్చు కూడా. మరలను తయారీదారు చెప్పినంత బలంతోనే, కొలిచే స్క్రూడ్రైవరుతో బిగించటం ఉత్తమం. రింగులు బిగించే ఏర్పాటు లేని పాత రైఫిళ్ళకు రంధ్రాలు వేయించవలసి వస్తే ఆయుధ మరమ్మతు లైసెన్సు గల దుకాణంలోనే చేయించాలి. వెల్డింగు షాపులో చేయించటం ప్రమాదకరం, నేరం కూడా.

వారంటీ

బజారులో గ్యారంటీ అంటే వస్తువు మార్చి ఇవ్వడమని, వారంటీ అంటే బాగుచేసి ఇవ్వడమని అర్థం చెబుతారు. చట్టంలో ఇటువంటి విభజన లేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలోని మూల ప్రయోజనానికి సంబంధించిన నిబంధన షరతు. దానికి అనుబంధంగా ఉండేది వారంటీ. షరతు తప్పితే వస్తువును తిరస్కరించవచ్చు. వారంటీ తప్పితే నష్టపరిహారం అడగవచ్చు. ఆచరణలో మాత్రం కార్డుపై ఏమి వ్రాసి ఉన్నదన్నదే నిర్ణాయకం కనుక, డబ్బు ఇచ్చేముందు కార్డును పూర్తిగా చదవాలి.

దుర్భిణుల వ్యాపారంలో 'జీవితకాల వారంటీ' అన్నమాట విరివిగా వినబడుతుంది. ఎవరి జీవితకాలం అన్నది మొదటి ప్రశ్న. కొన్నవాని జీవితకాలమా, వస్తువు జీవితకాలమా, ఆ నమూనా తయారీలో ఉన్నంత కాలమా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. అమెరికాకు చెందిన వోర్టెక్స్ సంస్థ వారంటీ వస్తువుతోపాటు కొత్త యజమానికి సంక్రమిస్తుంది. రసీదు కూడా అడగరు. అయితే పోయినా, దొంగిలించబడినా, కావాలని పాడుచేసినా, పనితీరుకు అడ్డురాని గీతలు పడినా అది వర్తించదు. అదే దేశపు లూపోల్డ్ సంస్థ దుర్భిణుల దృశ్య, యాంత్రిక భాగాలకు జీవితకాల హామీ ఇచ్చి, ఎలక్ట్రానిక్ భాగాలకు మాత్రం తక్కువ గడువు పెట్టింది. గీతలు ఎర్రగా వెలిగే రకాలు కొనేవారు ఈ భేదాన్ని గమనించాలి. దుర్భిణిలో ముందు చెడేది తరచు ఆ విద్యుత్ భాగమే.

ఇంత ఉదారమైన హామీ కూడా ఆర్మూరు చేరేసరికి పలచబడవచ్చు. హామీ ఇచ్చిన సంస్థ సర్వీసు కేంద్రం అమెరికాలో గాని ఐరోపాలో గాని ఉంటే, పాడైన వస్తువును అక్కడికి పంపే ఖర్చు, తిరిగి వచ్చేటప్పుడు కస్టమ్స్ పత్రాలు కొన్నవాని మీద పడతాయి. అమెరికా చట్టంలో రైఫిల్ దుర్భిణులు ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉన్నాయి. బాగుచేసిన వస్తువును తిరిగి పంపటం కూడా ఆ నియమాలకు లోబడినదే. అందువలన అనేక సంస్థలు ఆయా దేశాలలోని తమ అధీకృత దిగుమతిదారు ద్వారానే వారంటీ నెరవేరుస్తాయి. ఆ దిగుమతిదారు అమ్మిన వస్తువుకే అది వర్తిస్తుంది.

ఈ ప్రాంతం నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు చాలామంది. సెలవుకు వచ్చే బంధువు చేత ఫోను తెప్పించుకున్నట్లే దుర్భిణినీ తెప్పించుకుందామన్న ఆలోచన సహజం. ఇక్కడ అది తగదు. ఆయుధానికి బిగించే వస్తువు కనుక ఆ దేశపు విమానాశ్రయంలో గాని, ఇక్కడి కస్టమ్స్‌లో గాని ఆపివేయవచ్చు. గట్టెక్కి ఇల్లు చేరినా, ఇక్కడి దిగుమతిదారు దానిని తనది కాదంటాడు. తక్కువ ధరకు వచ్చిందన్న సంతోషం మొదటి మరమ్మతు వరకే.

భారతదేశంలో సక్రమంగా దిగుమతి అయిన వస్తువును గుర్తించటానికి సులువైన మార్గం ఉంది. 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనల ప్రకారం దిగుమతి చేసిన వస్తువు పెట్టెపై దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు ఫోను నంబరు ఉండాలి. ఆ చీటీ లేని పెట్టెకు, దుకాణదారు నోటిమాటగా ఎన్ని సంవత్సరాల హామీ ఇచ్చినా విలువ తక్కువే. చీటీపై ఉన్న నంబరుకు కొనేముందే ఫోను చేసి మూడు విషయాలు అడగాలి: సర్వీసు ఏ ఊరిలో చేస్తారు, పంపే ఖర్చు ఎవరిది, ఎన్ని రోజులు పడుతుంది. ఆ ఫోను ఎవరూ ఎత్తకపోతే అదీ ఒక సమాధానమే. పేరున్న కంపెనీల నకళ్ళు ఆన్‌లైనులో అమ్ముడవుతున్నాయి కనుక గొట్టంపైనున్న వరుస సంఖ్యను కంపెనీ వద్ద సరిచూసుకోవాలి. దిగుమతి నియమాలు మారుతూ ఉంటాయి. విదేశం నుంచి నేరుగా తెప్పించే ఆలోచన ఉన్నవారు లైసెన్సు అధికారిని, కస్టమ్స్‌ను ముందుగా విచారించాలి.

మరమ్మతు నిరాకరిస్తే

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. దీని 84వ సెక్షన్ ప్రకారం వస్తువు తానిచ్చిన స్పష్టమైన వారంటీకి అనుగుణంగా లేకపోతే తయారీదారు బాధ్యుడవుతాడు; తన నిర్లక్ష్యం లేదని నిరూపించుకున్నా ఆ బాధ్యత తొలగదు. పాత చట్టంతో పోల్చితే కొన్నవానికి కలిగిన పెద్ద సౌకర్యం, తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయగలగటం. దుకాణం ముంబైలో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా ఆర్మూరు నివాసి నిజామాబాదులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు మించకపోతే రుసుము లేదు. వివాద కారణం ఏర్పడిన రెండు సంవత్సరాలలోగా ఫిర్యాదు చేయాలి. అంతకుముందు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేసినా కొన్ని తగాదాలు తీరుతాయి. వీటన్నిటికీ మూలం రసీదు. జీఎస్టీతో, వరుస సంఖ్యతో కూడిన రసీదు లేకుండా కొన్నవాని పక్షాన మాట్లాడటానికి ఏమీ మిగలదు.

భారతదేశంలో తయారీ

దృశ్య సాధనాల తయారీ తెలుగు నేలకు కొత్త కాదు. మచిలీపట్నంలో 1926లో స్థాపించబడిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ శాస్త్రీయ పరికరాలకు పేరుపొందింది. 1983లో దానిని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ స్వాధీనం చేసుకున్నది; ఆ కర్మాగారం సైన్యానికి రాత్రిపూట చూడగల సాధనాలను తయారు చేస్తుంది. డెహ్రాడూన్ కేంద్రంగా 2021 అక్టోబరులో ఏర్పడిన ఇండియా ఆప్టెల్ లిమిటెడ్ కూడా సైనిక అవసరాలకు దుర్భిణులు తయారుచేసే ప్రభుత్వ సంస్థ. వీటి ప్రధాన ఖాతాదారులు రక్షణ దళాలే కనుక సామాన్య కొనుగోలుదారు దిగుమతి వస్తువులపైనే ఎక్కువగా ఆధారపడవలసి వస్తున్నది.

జాగ్రత్తలు

దుర్భిణిని తుపాకీపై ఉంచి చుట్టూ పరిశీలించటానికి ఎన్నడూ వాడకూడదు. దుర్భిణి చూసిన వైపే గొట్టం కూడా చూస్తుంది. చేలో కదిలినది పందియో మనిషియో తెలుసుకోవటానికి వేరే బైనాక్యులర్ ఉండాలి.

పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో మెరుగుపెట్టే రోజుల్లో సన్నని ధూళి ఇంటి నిండా చేరుతుంది. దానిని కండువాతో తుడిస్తే కటకపు పూతపై గీతలు పడతాయి. ముందుగా గాలి ఊది, మెత్తని కుంచెతో దులిపి, ఆ తరువాతే కటకాలకు వాడే వస్త్రంతో తుడవాలి. వానాకాలంలో తోలు సంచిలో మూసి ఉంచితే గాజుపై బూజు పడుతుంది. తేమను పీల్చే సిలికా గుళికలతో పొడిచోట ఉంచటం మంచిది. మే నెల ఎండలో మూసిన కారులో వదిలిపెట్టరాదు. లోపల ఆవిరి కనబడితే నత్రజని తప్పించుకుపోయినట్లు. గొట్టాన్ని సొంతంగా విప్పితే వారంటీ పోతుంది.

సర్వీసుకు పంపేటప్పుడు దుర్భిణిని తుపాకీ నుంచి తీసి, రింగులు కూడా విప్పి, దుర్భిణిని మాత్రమే పంపాలి. ఆయుధాన్ని కొరియరులో పంపరాదు. గొట్టం నలువైపులా ఫొటోలు తీసి ఉంచుకుంటే నొక్కు ఎక్కడ పడిందన్న వాదన రాదు. వెంట పెట్టే ఉత్తరంలో 'పనిచేయటం లేదు' అని మాత్రమే వ్రాస్తే సర్వీసు కేంద్రం ఒకసారి చూసి లోపం లేదని తిప్పి పంపవచ్చు. ఏ తుపాకీపై వాడారు, ఎంత దూరంలో, ఎన్ని టిక్కులు తిప్పితే గుండు ఎన్ని సెంటీమీటర్లు జరిగింది అన్న వివరాలు వ్రాసి, పైన చెప్పిన చతురస్రపు పరీక్ష కాగితాన్ని తేదీ వేసి జతచేయాలి.